డీఏపీ బస్తా పడ్డాక నేలలోని బూజుకు ఏమవుతుంది?

డీఏపీ బస్తా మీద 18-46-0 అని మూడు అంకెలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 వరుసలుంటాయి: ఉదజని సూచిక (పీహెచ్, ఇది తగ్గేకొద్దీ నేల పులుపు ఎక్కువ), ఈసీ (లవణాల కొలత), సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. అన్నీ అవసరమైనవే. కానీ ఆ మట్టిలో ఏమేం బతుకుతున్నాయో అందులో ఒక్క వరుస కూడా చెప్పదు. అందుకే ఎరువుల మాట వచ్చినప్పుడల్లా ఊళ్లో వాదన రెండు ముక్కల్లో తెగిపోతుంది. "రసాయన ఎరువు నేలను చంపేసింది" అని ఒకరంటారు. "యాభై ఏళ్లుగా వేస్తున్నాం, పంట పండుతూనే ఉంది కదా" అని ఇంకొకరంటారు.

నేల చచ్చిందా బతికిందా అని అడిగితే ఈ వాదన ఎప్పటికీ తేలదు. ఏ ఎరువు, ఏ నేలలో, ఏ రకం బూజును పెంచింది, ఏ రకాన్ని తగ్గించింది అని అడిగితే మాత్రం జవాబులున్నాయి. కొన్ని మనం అనుకునేదానికి పూర్తిగా ఎదురుగా ఉన్నాయి.

బూజు అంటే ఒక్కటే కాదు

రొట్టె మీద, తడిసిన గోడ మీద కనిపించేదాన్ని బూజు అంటాం. శాస్త్రం దాన్నే శిలీంధ్రం అంటుంది. నేలలో ఇవి చాలావరకు సన్నని పోగుల రూపంలో ఉంటాయి. ఒక్కో పోగు మందం మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. పొలానికి సంబంధించినంతవరకు వీటిని అవి చేసే పనిని బట్టి మూడు జట్లుగా చూడొచ్చు.

మొదటిది కుళ్లబెట్టే జట్టు. వరి కొయ్యకాళ్లు, పత్తి కట్టె, రాలిన ఆకు తిని బతుకుతుంది. రెండోది తెగుళ్ల జట్టు. కంది ఎండు తెగులు తెచ్చే ఫ్యుజేరియం, వేరుశనగ మొదలు కుళ్లు తెచ్చే స్క్లెరోషియం, వరిలో పాముపొడ తెచ్చే రైజోక్టోనియా ఇందులోవే. మూడోది వేరుతో పొత్తు పెట్టుకునే జట్టు. దీన్నే మైకోరైజా అంటారు. జీవన ఎరువుల దుకాణంలో 'వామ్' పేరుతో అమ్మేది ఇదే.

ఈ హద్దులు అంత గట్టివి కావు. రైతులు పశువుల ఎరువులో కలిపి చల్లే ట్రైకోడెర్మా చెత్తను కుళ్లబెడుతుంది, తెగుళ్ల బూజు మీద దాడీ చేస్తుంది. అయినా ఈ మూడు జట్లను గుర్తుపెట్టుకోవాలి. "ఎరువు వల్ల శిలీంధ్రాలు పెరిగాయి" అనే వార్త చదివినప్పుడు, ఏ జట్టు పెరిగిందో చెప్పకపోతే అది మంచి వార్తో చెడ్డ వార్తో తెలియదు.

వేరు, బూజు చేసుకునే బేరం

మైకోరైజా చాలా పాత పొత్తు. స్కాట్లండ్‌లోని రైనీ అనే చోట దొరికిన సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లో కూడా ఇలాంటి బూజు కనిపించింది. ఇవాళ నేల మీదున్న మొక్క జాతుల్లో దాదాపు 70 శాతానికి ఈ పొత్తు ఉంది. మన పంటల్లో మొక్కజొన్న, జొన్న, పత్తి, కంది, వేరుశనగ, మిర్చి, పసుపు, ఉల్లి అన్నీ ఈ బాపతే. ఆవ, క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, తోటకూర, పాలకూర, బీట్‌రూట్ మాత్రం ఈ బూజుతో పని లేకుండా పెరుగుతాయి.

భాస్వరం నీటితో పాటు సులువుగా కదలదు. మట్టి రేణువులు దాన్ని పట్టేసుకుంటాయి. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్న భాస్వరాన్ని తినేశాక, బయటి నుంచి కొత్తది అక్కడికి చేరడానికి చాలా సమయం పడుతుంది. బూజు పోగులు ఆ ఖాళీ దాటి కొన్ని సెంటీమీటర్ల దూరం వెళ్లి భాస్వరం తెస్తాయి. లెక్క వేసి చూద్దాం. వేరు చుట్టూ ఒక మిల్లీమీటరు అందేచోట ఒక సెంటీమీటరు అందితే దూరం పెరిగింది పది రెట్లే, కానీ వేరు చుట్టూ అందుబాటులోకి వచ్చే మట్టి వంద రెట్లు అవుతుంది. పోగులు ఆ మట్టినంతా జల్లెడ పట్టవు కాబట్టి లాభం అంతకన్నా తక్కువే ఉంటుంది. అయినా వేరు ఒంటరిగా చేయలేని పని అది.

దీనికి మొక్క జీతం ఇస్తుంది. ఆకుల్లో తయారైన ఆహారంలో 4 నుంచి 20 శాతం దాకా ఈ బూజుకు వెళ్తుందని కొలిచారు. జీతం చిన్నదేమీ కాదు. అందుకే భాస్వరం వేరు పక్కనే దొరికితే మొక్క జీతం తగ్గించేస్తుంది.

ఎలా తగ్గిస్తుందో కూడా తెలిసింది. భాస్వరం చాలని మొక్క వేరు నుంచి స్ట్రైగోలాక్టోన్లు అనే పదార్థాలను మట్టిలోకి వదులుతుంది. అవి మైకోరైజాకు పిలుపు లాంటివని 2005లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఆ పేరులోనే మన జొన్న రైతుకు తెలిసిన శత్రువు ఉంది. జొన్న వేరు మీద బతికే పరాన్న మొక్క జొన్న మల్లె శాస్త్రీయ నామం స్ట్రైగా. వేరు తన నేస్తం కోసం వేసిన కేకనే విని దాని విత్తనం మొలకెత్తుతుంది. ఈ పదార్థాలకు ఆ పేరు రావడానికి కారణం అదే. నేలలో భాస్వరం పెరిగితే కేక సన్నగిల్లుతుంది. అప్పుడు నేస్తమూ రాదు, దొంగా రాదు. సత్తువ లేని చెలకల్లో జొన్న మల్లె ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం.

కాబట్టి డీఏపీ మైకోరైజాను విషంలా చంపదు. మొక్కకు దాని అవసరం లేకుండా చేస్తుంది. ఈ తేడా పట్టుకోకపోతే మిగతాదంతా తికమకగానే ఉంటుంది.

బస్తాలో ఉన్నదెంత, నేలలో మిగిలేదెంత

50 కిలోల డీఏపీ బస్తాలో 46 శాతం అంటే 23 కిలోల భాస్వరం ఉందని లెక్క. ఇది ఆక్సైడ్ రూపంలో చెప్పే లెక్క. అసలు ఫాస్ఫరస్ మూలకంగా చూస్తే సుమారు 10 కిలోలు.

మన ప్రయోగశాలలు హెక్టారుకు 25 కిలోలకు మించి అందుబాటు ఫాస్ఫరస్ ఉంటే ఆ నేలను 'ఎక్కువ' కోవలో పెడతాయి. ఎకరాకు మారిస్తే అది కూడా సుమారు 10 కిలోలే. అంటే ఒక నేలను 'ఎక్కువ' అనిపించడానికి ఎంత ఫాస్ఫరస్ అందుబాటులో ఉండాలో, అంత మొత్తం ఒక్క బస్తాలో పడుతుంది.

మొక్కజొన్నకు ఎకరాకు రెండు బస్తాలు వేశారనుకోండి. 20 కిలోల ఫాస్ఫరస్ పడింది. 25 క్వింటాళ్ల గింజ దిగితే ఆ గింజతో పొలం దాటి వెళ్లేది సుమారు 7 కిలోలు. చొప్ప పొలంలోనే దున్నేస్తే మిగతా 13 కిలోలు అక్కడే ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం నల్లరేగడిలో సున్నంతోనూ, ఎర్ర నేలలో ఇనుము, అల్యూమినియంతోనూ అతుక్కుపోతుంది. ఏటా ఇలాగే చేస్తే నిల్వ పెరుగుతూ పోతుంది. ఆ నిల్వలోంచి కొద్దికొద్దిగా విడుదలయ్యేదే మొక్క పిలుపును తగ్గించడానికి సరిపోవచ్చు. మైకోరైజా మీద ఎరువు ప్రభావం ఒక్క సీజన్ బస్తాను బట్టి తేలదు, ఏళ్లుగా పేరుకున్న నిల్వను బట్టి తేలుతుందని ఈ లెక్క చూపిస్తుంది.

ఇంకో సంగతి రైతుకు నేరుగా తగిలేది. మైకోరైజా తెచ్చేది భాస్వరం ఒక్కటే కాదు, జింకు కూడా తెస్తుంది. భాస్వరం ఎక్కువైన నేలలో జింకు లోపం కనబడటం మనకు కొత్త కాదు. మొక్కజొన్న ఆకుల్లో తెల్ల చారలు పడితే జింకు సల్ఫేట్ కొడతారు. ఈ లోపానికి ఒక కారణం, భాస్వరం వల్ల వేళ్లలో ఈ బూజు తగ్గి, అది తెచ్చే జింకు ఆగిపోవడమేనని గోధుమ మీద చేసిన పరిశోధనలు చూపించాయి. బస్తా కొన్నందుకు ఒక ఖర్చు, దానివల్ల ఆగిపోయిన జింకు కోసం మళ్లీ ఇంకో ఖర్చు. ఎరువుల లెక్కలో ఈ రెండో ఖర్చును ఎవరూ రాయరు. నాకు బాధ కలిగించేది ఇదే.

యూరియా దారి వేరు

2025 ఖరీఫ్‌లో తెలంగాణలో రైతులు యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డారు. ఆ బస్తా శిలీంధ్రాలను ఏం చేస్తుందన్నది భాస్వరం కన్నా చిక్కు ప్రశ్న. ఎందుకంటే నత్రజని ఒకేసారి మూడు దారుల్లో పనిచేస్తుంది.

మొదటి దారి మొక్క ఆకలి. భాస్వరం తక్కువున్న నేలలో నత్రజని వేస్తే మొక్క ఏపుగా పెరిగి భాస్వరం కోసం ఇంకా ఆరాటపడుతుంది, బూజుతో పొత్తు పెరగవచ్చు. భాస్వరం పుష్కలంగా ఉన్న నేలలో అదే నత్రజని వేస్తే పొత్తు తగ్గుతుంది. అమెరికా గడ్డిభూముల్లో నాన్సీ జాన్సన్ బృందం ఏళ్ల తరబడి చేసిన పనిలో తేలింది ఇదే. ఒకే యూరియా బస్తా పక్కపక్క ఊళ్లలో రెండు రకాల ఫలితాలిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

రెండో దారి పులుపు. యూరియా, అమ్మోనియం ఎరువులు నేలలో నైట్రేటుగా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది. సున్నం ఉన్న నల్లరేగడి దీన్ని ఏళ్ల తరబడి తట్టుకుంటుంది. తేలికపాటి ఎర్ర చెలకకు ఆ శక్తి తక్కువ. హిమాచల్ ప్రదేశ్‌లోని పాలంపూర్‌లో 1972 నుంచి నడుస్తున్న దీర్ఘకాలిక ప్రయోగంలో నత్రజని ఒక్కటే వేస్తూ వచ్చిన మళ్లలో నేల పులిసిపోయి, చివరికి దిగుబడి సున్నాకు చేరింది. పక్కనే నత్రజని, భాస్వరం, పొటాష్‌లతో పాటు పశువుల ఎరువో సున్నమో వేసిన మళ్లు పండుతూనే ఉన్నాయి. వాటిల్లోనూ యూరియా పడింది. తేడా తెచ్చింది దానితో పాటు ఇంకేం వేశారన్నది.

పులుపు పెరిగితే శిలీంధ్రాలు చస్తాయని అనుకుంటాం. జరిగేది దాదాపు తలకిందులు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో హూస్‌ఫీల్డ్ అనే పొలం ముక్క ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడ సున్నం ఎగుడుదిగుడుగా పడటంతో, ఒకే ముక్కలో ఒక చివర ఉదజని సూచిక 8 దాటితే ఇంకో చివర 4 దగ్గర ఉంది. 2009లో యొహానెస్ రౌస్క్ తదితరులు అక్కడ కొలిస్తే, పులుపు పెరుగుతున్నకొద్దీ బ్యాక్టీరియా పెరుగుదల సుమారు ఐదో వంతుకు పడిపోయింది, శిలీంధ్రాల పెరుగుదల సుమారు ఐదు రెట్లయింది. సూచిక 4.5 కన్నా దిగిన చోట మాత్రం అన్నీ దెబ్బతిన్నాయి. కాబట్టి యూరియా వేసిన పొలంలో శిలీంధ్రాలు పెరిగాయన్న రిపోర్టు వస్తే, అది నేల ఆరోగ్యానికి గుర్తు కావచ్చు, నేల పులుస్తోందన్న హెచ్చరికా కావచ్చు.

మూడో దారి తిండి. వరిగడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని చాలా తక్కువ. కుళ్లబెట్టే జట్టుకు కాస్త నత్రజని అందితే పని త్వరగా సాగుతుంది. కంపోస్టు గుంతలో కొంచెం యూరియా చల్లడం ఇందుకే. అడవిలో చెక్కను, అందులోని గట్టి లిగ్నిన్‌ను కుళ్లబెట్టే కొన్ని బూజులకు మాత్రం నత్రజని ఎక్కువైతే ఆ పని మందగిస్తుంది. అడవి ఫలితాన్ని తెచ్చి వరి మడికి అంటగట్టకూడదు.

ఇక తెగుళ్ల జట్టు. యూరియా ఎక్కువైన వరిలో పాముపొడ ఉద్ధృతమవుతుందని ప్రతి రైతుకూ తెలుసు. అక్కడ ప్రధాన కారణం నేలలో బూజు పెరగడం కాదు. పైరు దట్టమై గాలి ఆడక తేమ నిలవడం, ఆకు మెత్తబడటం. వేరు తెగుళ్లలో కథ వేరు. ఫ్యుజేరియం ఎండు తెగుళ్లు చాలా పంటల్లో అమ్మోనియం రూపంలో నత్రజని వేస్తే పెరుగుతాయి, నైట్రేటు రూపంలో, సున్నంతో కలిపి వేస్తే తగ్గుతాయి. గోధుమలో టేక్-ఆల్ అనే వేరు కుళ్లు దీనికి సరిగ్గా ఎదురు, అమ్మోనియం వేస్తే తగ్గుతుంది. నత్రజని తెగుళ్లను పెంచుతుందా అని అడిగితే, ఏ రూపంలో వేశారు, ఏ తెగులు గురించి అడుగుతున్నారు అని తిరిగి అడగాల్సిందే.

రెండు అంకెలు, రెండూ నిజమే

2004లో కాథ్లీన్ ట్రెసెడర్ అప్పటిదాకా బయట నేలల మీద జరిగిన ప్రయోగాలను కలిపి లెక్కవేశారు. మైకోరైజా నత్రజని వల్ల సగటున 15 శాతం, భాస్వరం వల్ల 32 శాతం తగ్గింది. 2014లో డానియెల్ గైసెలర్, కేట్ స్కౌ 64 దీర్ఘకాలిక పంట ప్రయోగాలను చూశారు. రసాయన ఎరువులు వేసిన మళ్లలో, ఏమీ వేయని మళ్లకన్నా సూక్ష్మజీవుల మొత్తం బరువు సగటున 15 శాతం ఎక్కువగా ఉంది.

మొదటి అంకె "నేల చచ్చింది" అనేవారి చేతికి, రెండోది "ఏమీ కాలేదు" అనేవారి చేతికి దొరుకుతుంది. నిజానికి ఇవి వేర్వేరు విషయాలు కొలిచాయి. ఒకటి పొత్తు జట్టును, రెండోది బ్యాక్టీరియాతో సహా అన్నింటినీ కలిపి. ఎరువు వేస్తే పంట పెరుగుతుంది, వేళ్లు పెరుగుతాయి, మోళ్లు ఎక్కువ మిగులుతాయి. వాటిని తినేవీ పెరుగుతాయి. ఆ రెండో అధ్యయనంలోనే ఉదజని సూచిక 5 కన్నా తక్కువున్న నేలల్లో మొత్తం కూడా తగ్గినట్టు తేలింది.

డీఎన్ఏ పరీక్షల వార్తలు చదివేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. ఊహకు ఒక లెక్క. ఎరువు వేయని మడిలో 100 పాళ్ల శిలీంధ్రాలు ఉన్నాయి, అందులో 20 మైకోరైజా. ఎరువు వేసిన మడిలో మొత్తం 200 అయ్యాయి, మైకోరైజా మాత్రం 20 దగ్గరే ఉంది. డీఎన్ఏ పరీక్ష సాధారణంగా శాతాలే ఇస్తుంది కాబట్టి రిపోర్టులో "20 శాతం నుంచి 10 శాతానికి పడిపోయింది" అని వస్తుంది. నేలలో ఆ బూజు ఒక్క పోగు కూడా తగ్గలేదు.

వరి మడిని విడిగా చూడాలి

గాలి లేని బురదలో మైకోరైజా బాగా తగ్గిపోతుంది. వరిలో నిలవగట్టిన నీరే పెద్ద దెబ్బ, ఎరువు తర్వాతి సంగతి. 1993లో అమెరికాలో వరదలు ముంచిన పొలాల్లో మరుసటి ఏడాది వేసిన మొక్కజొన్న గిడసబారి, భాస్వరం లోపంతో ఊదారంగుకు తిరిగింది. నీట మునిగి, పంట లేక ఈ బూజు పలచబడటమే ప్రధాన కారణమని గుర్తించారు. ఆస్ట్రేలియాలోనూ చాలాకాలం బీడు పెట్టిన నేలల్లో ఇలాంటి సమస్యే కనిపించింది.

జగిత్యాల పొలాసలో 2000-01 నుంచి వరి తర్వాత వరి వేస్తూ దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగం నడుస్తోంది. ఇలాంటి మళ్ల ఫలితాలను పత్తి చేలకో కంది చేలకో వర్తింపజేయడం కుదరదు.

రైతు దీన్ని పట్టించుకోవాలా? శాస్త్రవేత్తల్లోనే రెండు పక్షాలు

2018లో మేగన్ ర్యాన్, జేమ్స్ గ్రాహం ఒక సమీక్ష రాశారు. పంట యాజమాన్యంలో రైతు మైకోరైజా ఎంతుంది, ఎన్ని రకాలుంది అని చూసుకోవాల్సినంత రుజువు లేదన్నది వాళ్ల మాట. కుండీల్లో చేసిన ప్రయోగాలను పొలాలకు సాగదీస్తున్నారని, చాలా పొలాల్లో ఈ బూజు తగ్గినా దిగుబడి తగ్గలేదని వాదించారు. నాకైతే ఇది కొట్టిపారేయలేని వాదన. భాస్వరం నిండుగా ఉన్న నేలలో మొక్క బూజుకు జీతం మానేసి ఆ ఆహారాన్ని గింజకు మళ్లిస్తే, ఆ సీజన్‌కు నష్టమేముంది?

2019లో మథియాస్ రిల్లిగ్ బృందం జవాబిచ్చింది. దిగుబడి ఒక్కటే కొలబద్ద కాదు, నేల గుల్లగా నిలవడం, బెట్టను తట్టుకోవడం, ఎరువు తక్కువతో గట్టెక్కడం కూడా లెక్కలోకి రావాలని వాళ్ల వాదన. స్విట్జర్లాండ్‌లో సేంద్రియ సాగును మామూలు సాగుతో పోలుస్తూ 1978 నుంచి నడుస్తున్న డాక్ ప్రయోగం ఈ రెండు పక్షాలకూ పనికొస్తుంది. 2002లో ప్రచురించిన 21 ఏళ్ల ఫలితాల్లో సేంద్రియ మళ్లలో వేళ్ల మీద మైకోరైజా 40 శాతం ఎక్కువ, దిగుబడి సగటున 20 శాతం తక్కువ. రెండూ ఒకే మళ్లలో. బూజు పెరిగితే దిగుబడి దానంతట అదే పెరగదు. అయితే ఆ 80 శాతం దిగుబడి వచ్చింది మూడో వంతు నుంచి సగం దాకా తక్కువ పోషకాలతో. డీఏపీ దిగుమతుల మీద ఆధారపడ్డ దేశానికి ఆ ఆదా చిన్న మాట కాదు.

మరి వామ్ కొని చల్లితే? 2023లో ప్రచురితమైన స్విస్ అధ్యయనం 54 మొక్కజొన్న పొలాల్లో ఒకే బూజును చల్లి చూసింది. ఒకచోట పెరుగుదల 12 శాతం తగ్గింది, ఇంకోచోట 40 శాతం పెరిగింది. గట్టిగా లాభం కనిపించింది సుమారు నాలుగో వంతు పొలాల్లోనే. ఎక్కడ లాభిస్తుందో ముందుగా చెప్పగలిగినది నేలలోని భాస్వరం కాదు, అప్పటికే అక్కడున్న తెగుళ్ల బూజు. అది ఎక్కువున్న చోట చల్లిన బూజు మేలు చేసింది. భాస్వరం తెచ్చే కూలీ అనుకున్నది ఆ పొలాల్లో ఎక్కువగా కాపలాదారు పని చేసిందన్నమాట. భాస్వరం నిండిన పొలంలో మైకోరైజాకు పనే లేదని ఇన్నాళ్లూ చెప్పుకున్న మాటకు ఇది గట్టి ప్రశ్న.

సిరా, వెనిగర్

ఇంత చెప్పుకున్న బూజును చూడటానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. 1998లో హార్స్ట్ ఫియర్‌హైలిగ్ తదితరులు ఒక తేలిక పద్ధతి ప్రచురించారు. సన్న వేళ్లను కడిగి, క్షార ద్రావణంలో ఉడికించి రంగు పోగొడతారు. తర్వాత మామూలు పెన్ను సిరా కొద్దిగా కలిపిన వెనిగర్‌లో కాసేపు ఉడికిస్తారు. వేరు తెల్లగా మిగులుతుంది, లోపలి బూజు సిరా రంగు పట్టుకుంటుంది. జూనియర్ కాలేజీ ల్యాబులో ఉండే మైక్రోస్కోపు చాలు. వేరు కణాల మధ్య నీలం పోగులు, కణాల లోపల గుబురు చెట్టులా కొమ్మలు వేసిన బూజు కనిపిస్తాయి. బేరం జరిగేది ఆ కొమ్మల దగ్గరే.

వంద వేరు ముక్కల్లో ఎన్నింటిలో నీలం కనిపించిందో లెక్కపెడితే ఒక అంకె వస్తుంది. రెండు బస్తాల డీఏపీ వేసే చేను నుంచి కొన్ని వేళ్లు, వేయని గట్టు పక్క చేను నుంచి కొన్ని వేళ్లు తెచ్చి పక్కపక్కన పెడితే రెండు అంకెలొస్తాయి. సాయిల్ హెల్త్ కార్డులో పదమూడో వరుసకు ఇంకా చోటుంది.